బిడ్డను యాడ పెట్టి వచ్చేది?

నా ప్రసూతి సెలవు ఒక మంగళవారంతో అయిపోయింది. బుధవారం పదిన్నరకల్లా జమ్మలమడుగు మండలాఫీసులో నా కుర్చీలో ఉండాలి. మేముండేది ప్రొద్దుటూరులో. మా ఆయన పులివెందులలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పొద్దున ఆరింటి బస్సుకు పోతే, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటేది. మా ఇద్దరి మధ్యా ఆరు నెలల ఆడపిల్ల. మంగళవారం సాయంత్రం ఇద్దరం వంటింట్లో నిలబడి, రేపు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్న ఒక్క సంగతి మీద గంటసేపు మాట్లాడుకున్నాం. ఏమీ తేలలేదు.

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. మా అత్తామామలు పెండ్లిమర్రి దగ్గరి పల్లెలో ఉంటారు. మామగారు అక్కడి గుడిలో అర్చకులు. తెల్లవారకముందే మడి కట్టుకుని నైవేద్యం వండాల్సింది అత్తగారే. నా కాన్పుకు వచ్చి రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ మామగారు దేవుడికి అటుకులూ బెల్లంతోనే సరిపెట్టారు. ఊళ్లో అడగడం మొదలైంది. తిరిగి వెళ్లేరోజు బస్సు కిటికీలోంచి అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను తప్పు పట్టుకోవద్దమ్మా. దేవుడు ఆకలైందని ఏడ్చడు గాని, ఊరోల్లు ఊరుకోరు" అంది.

నాకు కోపం రాలేదు. ఆమె పనిని ఎవరూ ఉద్యోగం అనరు కానీ, దానికీ సెలవు లేదు.

మేం అద్దెకున్న ఇంటి కింది భాగంలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ మంచిది. "నాలుగు దినాలు నేను జూసుకుంటాలే, ఈలోపల నువ్వొక ఏర్పాటు చేసుకో" అని బిడ్డను తీసుకుంది. బుధవారం బస్సులో కూర్చున్నానే గానీ వెన్ను సీటుకు ఆనలేదు. ఆఫీసులో పదకొండు గంటలకు, సరిగ్గా బిడ్డ పాలు తాగే వేళకు, రవిక ముందంతా తడిసిపోయింది. కౌంటరు ముందు ఆరేడుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. తాగునీళ్ల ట్యాంకర్ల ఫైలు తీసి ఎదకు అదుముకుని, అలాగే వాళ్ల అర్జీలు తీసుకున్నాను. అరగంటకొకసారి కింది ఇంటావిడకు ఫోన్ చేశాను. ఐదోసారికి ఆమె, "ఏడ్చడంల్యా తల్లీ, నువ్వు ఫోన్ చేసి లేపుతాండావు" అంది.

నాలుగు రోజులనుకున్నది తొమ్మిది రోజులు నడిచింది. తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె మెట్ల దగ్గర ఎదురుచూస్తూ నిలబడి ఉంది. "మాఘమాసం ముహూర్తాలు వచ్చినాయమ్మా. ఇంగ మేమందరం అంగట్లోనే. నేను గల్లా కాడ కూర్చోవాల. ఏమనుకోవద్దు" అంది.

ఆ తొమ్మిది రోజుల్లో నేను వెతకకుండా లేను. మా వీధి అంగన్‌వాడీకి పోయాను. అక్కడ పనిచేసే ఆమె బిడ్డను ఎత్తుకుని ముద్దు చేసింది, బరువు తూచింది, పుస్తకంలో రాసుకుంది. గుడ్లూ బాలామృతం ప్యాకెట్టూ ఇస్తానంది. "కూర్చోబెట్టుకునేది మూడేండ్లు నిండినోల్లనేమ్మా. ఇంత పసిదాన్ని యాడ పండబెడదు? ఉండేది ఒక్క రూము. నేనూ ఆయా ఇద్దరమే" అంది. మధ్యాహ్నం దాటాక అదీ మూసేస్తారు. పేరున్న ప్లే స్కూలుకు పోతే, రంగురంగుల గోడల ముందు కూర్చున్న అమ్మాయి మొదటి ప్రశ్న ఒకటే వేసింది: "బాత్రూం చెప్తుందా మేడమ్?" ఆరు నెలల బిడ్డ ఏం చెప్తుంది? ఇంటికి మనిషిని పెట్టుకోవాలంటే, నా జీతంలో సగం ఆ మనిషికీ మిగతాది బస్సుకూ ఇంటి అద్దెకూ పోతుంది. పాలడబ్బా ఎవరు కొనాలి? ఉద్యోగం మానెయ్యమని మా ఆయన ఒక్కసారీ అనలేదు. ఆయన అనకపోవడమే నాకు భయంగా ఉండేది. ఎందుకంటే ఆ మాట లోపల నేనే అనుకుంటున్నాను.

పదో రోజు బిడ్డను చంకనేసుకుని ఆఫీసుకు పోయాను. ఇంకో దారి లేదు.

అది ఎండలు మొదలయ్యే కాలం. మా గదిలో రెండు ఫ్యాన్లుంటే ఒకటే తిరిగేది. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ఒడిలో వేసుకుని ఊపుతూ ఒంటిచేత్తో రిజిస్టరులో రాస్తున్నాను. కౌంటరు ముందు వరసలో ఒకామె ఉంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితాలు. వాళ్లది కొండాపురం వైపు పల్లె. గండికోట రిజర్వాయరు నీళ్లలో ఊరు మునిగిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన కాలనీ స్థలంలో ఇల్లు గోడల దగ్గరే ఆగిపోతే, జమ్మలమడుగు వచ్చి ఒంటిగది అద్దెకు తీసుకున్నారు. భర్త నాపరాళ్ల లారీ తోలేవాడు. ఆ కాలనీ ఇంటి సంగతి అడగడానికే ఆమె వచ్చింది. తన వంతు వచ్చేసరికి కాగితాలు ఇవ్వకుండా చేతులు చాచింది.

"ఇట్లా ఇయ్యి మేడమ్. నువ్వు రాసుకో."

ఇచ్చాను. ఆమె బిడ్డను భుజాన బోర్లా వేసుకుని, వీపు మీద చిన్నగా తడుతూ వరండాలోకి నడిచింది. రెండు నిమిషాల్లో ఏడుపు ఆగిపోయింది. నేను కలం పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఆమె పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు మోసే పని చేస్తోందనీ, దుమ్ముకు దగ్గు పట్టుకుందనీ అడిగితే చెప్పింది. ఆ సాయంత్రమే మాట్లాడుకున్నాం. పది నుంచి ఐదు దాకా ఆమె నా బిడ్డను చూసుకోవాలి. ఆమె అడిగినదానికి నేను బేరమాడి కొంత తగ్గించాను కూడా. ఈ వాక్యం రాయకుండా దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

"నీకు పిల్లలుండారా?" అని అడిగాను.

"ఒక పిల్లోడు మేడమ్. రెండేండ్లు."

"వాణ్ని మాత్రం ఈడికి తేవద్దు. ఈమెది పసి ఒళ్లు. జలుబు గిలుబు అంటుకుంటే కష్టం."

ఆమె చేతిలోని కవరు మడుస్తూ, "మా అత్త కాడ ఉంటాడులే మేడమ్" అంది.

మా ఆఫీసు ఆవరణలో వాడకుండా వదిలేసిన పాత క్వార్టరు ఒకటుంది. దాని వరండా ఊడ్చి, చాప వేసి, దూలానికి చీర ఉయ్యాల కట్టాం. మా పెద్దసారు కిటికీలోంచి అటు చూసి, "నాకు కనపడనట్టు ఉండనీండమ్మా" అన్నారు. ఆఫీసులో అందరూ ఆమెను కొండాపురం ఆమె అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ అట్లాగే పిలిచాను.

మూడు నెలలు బాగా జరిగింది. బిడ్డ ఒళ్లు చేసింది. ఆమెను చూస్తే నా చంకలోంచి ముందుకు దూకేది. నాకు అసూయ పుట్టేది, వెంటనే ఆ అసూయకు సిగ్గూ పుట్టేది. ఒక్కటే చికాకు. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే ఆమె బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టి గబగబా బయటికి పోయేది. ఇరవై నిమిషాలకు, ఒక్కోసారి అరగంటకు, చెమటతో తడిసి తిరిగొచ్చేది. ఇంటికి పోయి తిని వస్తోంది కాబోలు అనుకున్నాను. డబ్బా తెచ్చుకోమన్నాను. నేనే తెస్తానన్నాను. తల ఊపేది, మళ్లీ పోయేది.

ఒకరోజు కడప నుంచి పై అధికారి వస్తున్నాడన్నారు. ఒంటిగంటకే మీటింగు. ముందే చెప్పాను, ఈరోజు పోవద్దని. పన్నెండూ యాభైకి ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పోవాల మేడమ్. బిరీన వస్తా."

"చెప్పినా కదా. ఈ ఒక్కరోజు ఉండు."

"కాదు మేడమ్. పోవాల."

"ఏమంత రాచకార్యం ఉండాది నీకు? పోతే మళ్లీ రావద్దు."

కోపంలో అన్న మాట. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, బిడ్డను నా ఒడిలో పెట్టి వెళ్లిపోయింది. బిడ్డను ఎత్తుకునే మీటింగుకు పోయాను. వచ్చిన అధికారి నన్నూ బిడ్డనూ చూసి, ఏమీ అనకుండా, నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన తిట్టినా బాగుండేది. మీటింగు అయ్యేసరికి మూడు. కొండాపురం ఆమె రాలేదు. మూడున్నరకూ రాలేదు. నా మాట నేనే వెనక్కి తీసుకోవాలని అర్థమైంది. పర్మిషన్ అడిగి, బిడ్డను ఎత్తుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరాను.

ఆఫీసుకు రెండు వీధుల అవతల, రాళ్ల చెత్త పోసిన ఖాళీ స్థలం పక్కన వరసగా ఒంటిగదులు. మూడోదన్నారు. తలుపుకు బయటినుంచి తాళం. వెనక్కి తిరగబోతుంటే లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. కిటికీ దగ్గరికి పోయాను. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ కనపడలేదు. తర్వాత కనపడింది. నులక మంచం. మంచం కోడుకు కట్టిన పాత చీర. ఆ చీర రెండో కొస నడుముకు కట్టి ఉండగా, నేల మీద కూర్చుని ఉన్న రెండేళ్ల పిల్లాడు. వాడు ఏడవడం లేదు. ఒక స్టీలు గ్లాసును నేలమీద దొర్లిస్తున్నాడు. అది దూరం పోతే చీర లాగినంత మేరా పోయి, అందకపోతే ఊరుకుని, చేతికందే ఇంకోదాన్ని తీసుకుంటున్నాడు. నా చంకలోని బిడ్డ కిటికీ ఊచ పట్టుకుని వాణ్ని చూసి కేరింతలు కొట్టింది. వాడు తలెత్తి నవ్వాడు.

వెనక అడుగుల చప్పుడు.

"ఎప్పుడొచ్చినావు మేడమ్?" కొండాపురం ఆమె గొంతు మామూలుగానే ఉంది. చీర కుచ్చిళ్లకు తెల్లటి రాతిదుమ్ము. పాలిష్ ఫ్యాక్టరీలో పాత పని అడగడానికి పోయి వస్తోంది.

తాళం తీసింది. పోయి పిల్లాడి నడుం దగ్గర ముడి విప్పింది. ఒరుసుకోకుండా ఆ చీరను రెండు మడతలు వేసి కట్టి ఉంది. నేను అడగకముందే చెప్పింది.

"పొయ్యి కాడికి అందదు మేడమ్. నీళ్ల డ్రమ్ము కాడికీ అందదు. కొలిచి కట్టినా."

"మీ అత్త కాడ ఉండాడని చెప్తివే?"

"మా అత్తకు కండ్లు కనపడవు. కాలనీలో గోడల పక్కనే గుడిసెలో ఉండాది. వాడు రోడ్డు మీదికి పోయినా ఆయమ్మకు తెలీదు. ఆడికన్నా ఈడనే మేలు. ఒంటిగంటకు వచ్చి తినిపిచ్చి, కడిగి, మళ్లా కట్టేసి వస్తాంటి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే పెట్టుకునేదానివా?"

పిల్లాణ్ని తేవద్దన్నది నేనే. వాడి జలుబు నా బిడ్డకు అంటుకుంటుందని నేను భయపడిన రోజుల్లో, వాడు ఇక్కడ ఈ మంచం కోడుకు కట్టుబడి ఉన్నాడు.

ఆమె పిల్లాణ్ని ఒడిలో కూర్చోబెట్టుకుని, వాడి నడుం మీద చీర ఒత్తిన గుర్తును బొటనవేలితో రుద్దుతూ మాట్లాడింది. "మా ఊర్లో అయితే వాకిట్లో ఇడిసిపెడితే సాలు మేడమ్. ఎవురో ఒకరు జూస్తాండ్రి. ఆకలైతే ఎవురింట్లోకన్నా పోయి తింటాండ్రి. ఊరు మునిగినాక జాగా ఇచ్చిరి, దుడ్లు ఇచ్చిరి. ఆ వాకిలి మాత్రం ఎవురూ ఇయ్యల్యా."

"రేపు వాణ్ని తీసుకొని రా" అన్నాను. ఇంకా ఏదో అనాలనిపించింది. "అక్కా అని పిలువు. మేడమ్ అనొద్దు" అన్నాను. అది చాలా చిన్నమాట అని అంటున్నప్పుడే తెలుసు.

మర్నాడు వరండాలో ఇద్దరు పిల్లలు. జలుబు ఇద్దరికీ వచ్చింది, ఇద్దరికీ పోయింది.

ఆ తర్వాత నా కాలు ఒకచోట నిలవలేదు. ఏ వీధిలో నడుస్తున్నా, మూసిన తలుపు కనపడితే లోపల ఎవరైనా ఉన్నారా అని చెవి అటే పోయేది. జెరాక్సు అంగట్లో పనిచేసే అమ్మాయిని కాగితాలు తీసుకుంటూ అడిగాను, నీ బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందని. మిషన్ వెనక అట్టపెట్టె చూపించింది. అందులో పది నెలల పాప నిద్రపోతోంది. మా ఆఫీసు ఊడ్చే ఆమె, బిడ్డకు దగ్గు మందు కొంచెం ఎక్కువ పోసి పడుకోబెట్టి వస్తున్నానని తల దించుకుని చెప్పింది. ప్రైవేటు బడిలో టీచరు ఒకామె తన మూడేళ్లవాణ్ని ఒకటో తరగతి వెనక బెంచీలో కూర్చోబెట్టుకుంటోంది, శబ్దం చేస్తే గిల్లుతూ. ఒకరినడిగితే ఇంకొకరు బయటపడ్డారు. నెల తిరిగేసరికి పాత క్వార్టరు వరండాలో ఏడుగురు పిల్లలు. తల్లులం తలా కొంత వేసుకున్నాం. ఎవరి చేతనైనంత వాళ్లు. కొండాపురం ఆమెకు ఊడ్చే ఆమె చెల్లెలు తోడయింది.

ఏడుగురు పిల్లలు కనపడనట్టు ఉండడం కుదరదు. ఎవరో పైకి రాశారు. పెద్దసారు పిలిచి కాగితం చూపించారు. "నాకూ మనవరాలుండాది తల్లీ. అయినా నేనేం చేసేది? ఇది ఆఫీసు. సోమవారానికి ఖాళీ చేయించండి" అన్నారు.

మూడు రోజులు. ఊళ్లో తిరగని వీధి లేదు. పిల్లలనగానే ఇంటి యజమానులు గోడలకు వేసిన రంగు వైపు చూసుకునేవాళ్లు. చివరికి బజారు వీధిలో వ్యాపారస్తుల సత్రం ఒకటుందనీ, వెనక గది ఖాళీ అనీ జెరాక్సు అమ్మాయి చెప్పింది. సత్రం పెద్దాయనకు బంగారు అంగడి ఉంది. ఆదివారం పొద్దున్నే అంగడికి పోయి నిలబడ్డాం, నేనూ కొండాపురం ఆమే. ఆయన మా మాట పూర్తిగా విన్నాడు. గ్లాసులో మజ్జిగ ఇప్పించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఎవురెవురి పిల్లోల్లమ్మా?"

ఆ ప్రశ్నకు అర్థం నాకు తెలుసు. నేను గుడి అర్చకుడి కోడల్నని తెలిసే నన్ను కూర్చోమన్నాడు, ఆమెను అనలేదు. "ఆఫీసు ఊడ్చే ఆమె బిడ్డ ఉండాది. సాయిబుల పాప ఉండాది. నా బిడ్డా ఉండాది. అందరికీ ఒకే చాప" అన్నాను.

పెద్దాయన ఏమనేవాడో, లోపల కంప్యూటరు ముందు కూర్చున్న ఆయన కోడలు లేచి వచ్చింది. చంకలో ఏడాది పిల్లాడు, వాడి చేతిలో తూకపు రాయి. "మామా, గది ఇయ్యండి. మనోణ్ని గూడ ఆడనే పెడతా. వీన్ని చంకనేసుకొని జీఎస్టీ బిల్లులు ఎట్లా కొట్టేది? నిన్న రెండు తప్పు పోయినాయి" అంది. పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లుండగా బిడ్డ బయటికి పోవడమేంటి అన్నాడు. "ఆ ముగ్గురూ వంట చేస్తాండారు మామా, ఊరికే కూర్చోల్యా" అంది. అంత డబ్బున్న ఇంట్లో కూడా ఈ గొడవ ఉంటుందని నేను అనుకోలేదు. గది దొరికింది.

సత్రంలో ఎనిమిది నెలలు నడిచింది. పిల్లలు పన్నెండుమంది అయ్యారు. ఆ నెలల్లో నేను పని బాగా చేశాను, మొదటిసారి భోజనం కూర్చుని తిన్నాను. అయినా మనసు కుదుటపడేది కాదు. ఫోను మోగితే సత్రం నుంచేనేమో అనుకునేదాన్ని. ఒకరోజు నిజంగానే మోగింది.

ఆరోజు సత్రంలో పెద్ద పెళ్లి. మూడు బస్సుల్లో జనం దిగారు. ఆ రద్దీలో ఎవరో వెనక గది తలుపు తెరిచి, సామాన్లు పెట్టుకుని, గొళ్లెం వేయకుండా పోయారు. టీచరమ్మ కొడుకు లేడు. నేను పోయేసరికి కొండాపురం ఆమె మిగతా పిల్లలందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఊడ్చే ఆమె చెల్లెలు అప్పటికే వెతకడానికి పోయింది. "పదకొండు మందిని పట్టుకొని ఉండానక్కా. నేను కదిలితే వీళ్లు పోతారు. నువ్వు పో, ఎతుకు" అంది. పెళ్లి పందిట్లో, వంటసాలలో, పెన్నా వైపు పోయే దారిలో, గంటసేపు వెతికాం. టీచరమ్మ బడి నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు, సత్రం బావి మూత మాత్రం మూడుసార్లు ఎత్తి చూసింది. చివరికి విడిదిగదిలో పరుపుల గుట్ట వెనక దొరికాడు. బూందీ పొట్లం చేతిలో పట్టుకుని నిద్రపోతున్నాడు.

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంక చాలన్నాడు. "బిడ్డకేమన్నా అయ్యింటే ఎవురమ్మా జవాబుదారి?" ఆయన అన్నది తప్పు కాదు. మాకు జవాబుదారీ ఎవరూ లేరు, ఏ కాగితం మీదా మేం లేము. కానీ ఆయన కోడలు ఒప్పుకోలేదు. "సరే మామా. మూసేస్తాం. రేపటినుంచి నేనూ ఇంట్లోనే ఉంటా. బిల్లులు మీరు కొట్టుకోండి" అని, అన్నంత పనీ చేసింది. ఐదు రోజులు బంగారు అంగట్లో కంప్యూటరు తెరవలేదు. ఆరో రోజు అంగడి వెనకున్న పాత గోడౌను ఖాళీ చేయించారు. దానికి ఒకే వాకిలి. ఆ వాకిలికి ఆమె స్వయంగా నిలబడి చిన్న గేటు పెట్టించింది.

అప్పుడే అర్జీ పెట్టాం. సోమవారం అర్జీల రోజున, తల్లులం తొమ్మిదిమందిమి సంతకాలు చేసి, పసిపిల్లలను చూసుకునే ఒక చోటు, సామాన్యులు కట్టుకోగలిగే రుసుముతో, ఊరికి ఒకటైనా పెట్టమని. పదిహేను రోజులకు ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. ఎట్లా పరిష్కారమైందో తెలుసుకుందామని పోతే, ఈ విషయం మా శాఖ పరిధిలోనిది కాదు అని ఒక వాక్యం. ఆ వాక్యం నాకు కొత్త కాదు. ఎన్నో అర్జీల మీద నేనే నా చేతిరాతతో రాశాను. రాసినప్పుడు అర్జీ పెట్టినవాళ్ల ముఖం ఎప్పుడూ గుర్తుచేసుకోలేదు.

తర్వాత ఏడాదికి నాకు పులివెందులకు బదిలీ అయింది. మా ఆయన కాలేజీ అక్కడే కాబట్టి అందరూ అదృష్టం అన్నారు. ఇల్లు మారాం. బిడ్డకు అప్పటికి మూడేళ్లు దగ్గరపడుతున్నాయి. నా అవసరం దాదాపు తీరింది. కానీ కొత్త ఆఫీసులో కుదురుగా కూర్చోలేకపోయాను. మా కొత్త భవనానికి ప్లాను వచ్చింది. జనరేటరుకు గది ఉంది, కార్లకు షెడ్డు ఉంది, పాత ఫైళ్లకు రెండు గదులున్నాయి. సారు దగ్గరికి ఆ కాగితం పట్టుకుపోయి, పిల్లలకు ఒక గది గీయించమన్నాను. "మంచి ఆలోచనే. రాసియ్యండి" అన్నారు. రాసిచ్చాను. గుర్తుచేస్తూ ఇంకొకటి రాసిచ్చాను. భవనం పునాదులు లేచాయి. ఆ గది అందులో లేదు.

జమ్మలమడుగులో గోడౌను ఇప్పటికీ నడుస్తోంది. సత్రం పెద్దాయన కోడలు చూసుకుంటోంది. కొండాపురం ఆమె మాత్రం అక్కడ లేదు. కాలనీలో ఆగిపోయిన వాళ్ల ఇంటికి కప్పు వేసుకున్నారు. అత్తను చూసుకోవాలని వెనక్కి పోయింది. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం బిడ్డను తీసుకుని ఆ కాలనీకి పోయాను. పులివెందుల నుంచి తొండూరు, ముద్దనూరు మీదుగా, రెండు బస్సులు మారి.

నా కూతురు ఆమెను గుర్తుపట్టలేదు. నా వెనక దాక్కుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కొండాపురం ఆమె నవ్వి, "ఇడుసక్కా. గుర్తు పెట్టుకోవాలని సాకుతామా?" అంది. ఆమె కొడుకు బడికి పోతున్నాడు, ఆదివారం కాబట్టి బ్యాటు పట్టుకుని వీధిలో ఉన్నాడు. ఇంటి ముందు రేకుల పంచలో మాత్రం చిన్నపిల్లలు, ఆదివారం కూడా. మిరపకాయలు తెంపడానికి, చీనీ బత్తాయి తోటల్లో పనికి తల్లులు ఆటోల్లో పోతారు. కూలికి ఆదివారం ఉండదు. ఆమె అత్త కళ్లు కనపడకపోయినా ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతోంది, ఏ ఉయ్యాలలో ఏ బిడ్డ ఉందో ఊపిరి విని చెప్తోంది.

"అర్జీ రాయక్కా" అంది కొండాపురం ఆమె. "ఈడ అంగన్‌వాడీ ఉండాది. మూడేండ్ల లోపలోల్లను గూడ పెట్టుకోమని, పొద్దుగూకేదంకా తెరిచిపెట్టమని, ఇంగొక మనిషిని ఇయ్యమని రాయి."

మా కూతురి నోటుపుస్తకంలోంచి కాగితం చించి రాయడం మొదలుపెట్టాను. చేయి అలవాటుగా పోయింది: తమరు దయతలచి, మా యందు కనికరముంచి, వేడుకొనుచున్నాము. చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోలేదు.

"అట్లా వద్దక్కా. అడుక్కున్నట్ల ఉండాది. మేం పనికి పోతాండాం. పిల్లోల్లను జూసేకి చోటు కావాల. కావాలని రాయి."

చించేశాను. రెండో కాగితం మీద నాలుగే వాక్యాలు రాశాను. ఆ సాయంత్రం ఆటోలు దిగిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చేతులకు మిరప ఘాటు ఉందని కాగితాన్ని అంచులు పట్టుకుని, కింద సంతకాలు చేశారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

ఆ అర్జీ ఏమైందో ఇంకా పూర్తిగా తెలియదు. పరిష్కరించబడింది అన్న మెసేజ్ మాత్రం ఇంతవరకూ రాలేదు. వారం కిందట ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకుపోయాడట. కొండాపురం ఆమె ఫోన్ చేసి చెప్పింది. వెనక ఎవరో బిడ్డ ఏడుస్తుంటే గట్టిగా అరుస్తూ చెప్పింది.

"పద్నాలుగు అని రాసుకున్యాడక్కా. ఇద్దరు గోడవతల ఆడుకుంటాండ్రి. బండి వెనక్కి తిప్పేదంకా ఊరుకోల్యా నేను. పదారు అని మళ్లా రాయించినా."